ఖాళీ డబ్బా, కాలిన మోటారు: ఉచిత కరెంటుకు రైతు కడుతున్న బిల్లు

తెల్లవారుజామున మోటారు వేద్దామని పొలానికి వెళ్లిన మనిషికి ముందు ముక్కుకు తగిలేది నూనె వాసన. దగ్గరికి వెళ్తే గట్టు మీద గడ్డి నల్లగా తడిసి ఉంటుంది. దిమ్మె మీద ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ కిందికి ఒరిగి పడి ఉంటుంది. మూత బోల్టులు విప్పేసి ఉంటాయి. లోపలి రాగి చుట్లు మాయమై, ఇనుప రేకులు, నూనెలో నానిన కాగితం ముక్కలు, పగిలిన పింగాణీ బుషింగుల పెంకులు మాత్రం మిగులుతాయి. తెలుగు రాష్ట్రాల్లో బోర్ల మీద సాగు నడిచే చోటల్లా ఇది ఎంత మామూలైపోయిందంటే, పత్రికల జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తే ఎక్కువ. ఆ నాలుగు లైన్లలో పోయిన రాగి విలువ రాస్తారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న నాలుగైదు బోర్లు ఎన్నాళ్లు ఆగిపోయాయో, ఆ మడుల్లో వరి అప్పటికి ఏ దశలో ఉందో రాయరు.

కరెంటు కోత, చోరీ, పాతబడిన లైన్లు. ఆఫీసు కాగితాల్లో ఇవి మూడూ వేర్వేరు చోట్ల ఉంటాయి. కోత సంగతి ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో తేల్చే లోడ్ డిస్పాచ్ సెంటర్ చూసుకుంటుంది, చోరీ పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది, లైన్ల సంగతి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) బడ్జెట్‌లో తేలుతుంది. పొలంలో మాత్రం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే వస్తాయి. మూడింటి ఖర్చూ చివరికి చేరేది కూడా ఒకే జేబుకు. వ్యవసాయానికి కరెంటు ఉచితం, బిల్లు సున్నా. నిజమే. కానీ కాలిన మోటారుకు రీవైండింగ్, పోయిన కేబులు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను షెడ్డుకు మోసిన ట్రాక్టరు కిరాయి, ఒక తడి తప్పి ఎండిన మడి, ఇవన్నీ కలిపితే రైతు కడుతున్నది చిన్న బిల్లేమీ కాదు. దానికి రసీదు ఉండదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

దొంగకూ తెలిసిన టైమ్‌టేబుల్

పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చేది 11 కేవీ లైను. కరెంటు ఉండగా దాని జోలికి పోయినవాడు బతకడు. మరి దొంగకు అంత ధైర్యం ఎక్కడిది అంటే, సమాధానం కరెంటు ఇచ్చే వేళల్లోనే ఉంది. ఊళ్లో ఇళ్లకు వెళ్లే ఫీడరును (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను), వ్యవసాయ ఫీడరును విడదీసే పని చాలా చోట్ల జరిగింది. కేంద్రం తెచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామ జ్యోతి యోజన ఉద్దేశాల్లో అదొకటి. విడదీయడం మంచి పనే. పంపుసెట్లకు సరఫరా ఆపినా ఇళ్లలో ఫ్యాన్లు తిరుగుతాయి, పిల్లల చదువు ఆగదు. కానీ పగలు తొమ్మిది గంటలు ఇచ్చి ఆపే పద్ధతి ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, అలా విడదీసిన ఫీడరు మిగతా పదిహేను గంటలూ చచ్చిన తీగే. రాత్రంతా ట్రాన్స్‌ఫార్మర్లు చేల మధ్య కరెంటూ కాపలా లేకుండా నిలబడి ఉంటాయి. సరఫరా ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో రైతుకు ఎంత బాగా తెలుసో దొంగకూ అంతే తెలుసు.

24 గంటల సరఫరా ఉన్న తెలంగాణలో ఈ బెడద లేదా అంటే, ఉంది. అక్కడ ఏబీ స్విచ్ ఉంది. స్తంభం మీద ఉండే ఆ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగితే అవతలి లైను ఆగిపోతుంది. దానికి తాళం ఉండాలి. చాలా చోట్ల తాళం ఉండదు, ఇంకొన్ని చోట్ల స్విచ్చే తుప్పు పట్టి కదలదు. లైన్ల పని ఎరిగినవాడి చెయ్యి లేకుండా ఇది జరగదన్న అనుమానం చోరీ జరిగిన ప్రతిసారీ ఊళ్లో రచ్చబండ మీద వినిపిస్తుంది. అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు గానీ, ఆ పనికి కాస్త విద్య కావాలన్నది మాత్రం కాదనలేం.

రాగి ధర కూడా దొంగల పక్షానే ఉంది. 2024 మే నెలలో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను 11,000 డాలర్లు దాటింది. చోరీలకు విరుగుడుగా అల్యూమినియం చుట్ల ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం మొదలైంది. చీకట్లో వచ్చినవాడికి లోపల ఏముందో బయటి నుంచి ఎలా తెలుస్తుంది? ముందు కింద పడేస్తాడు, మూత విప్పుతాడు, నూనె పారబోస్తాడు. అల్యూమినియం అని తెలిశాక నాలుగు తిట్లు తిట్టుకుని పోతాడు. రైతుకు మాత్రం రెండు సందర్భాల్లోనూ నష్టం ఒకటే.

ట్రాన్స్‌ఫార్మర్ చోరీకి కనీసం కేసు నమోదవుతుంది. బోరు కేబులు పోతే అదీ ఉండదు. మోటారు నుంచి స్టార్టరు డబ్బా దాకా వచ్చే కేబులును కోసి, పక్క తోటలో మంట పెట్టి పైతొడుగు కాల్చేసి, రాగి తీగ మాత్రం మూటగట్టుకుపోతారు. పాత ఇనుప సామాను కొట్టులో దానికి వచ్చేది కొన్ని వందలు. రైతుకు కొత్త కేబులు, దాన్ని కలిపే మనిషి కూలి, ఆగిపోయిన రోజులు కలిపి వేలల్లో పడుతుంది. వందల కోసం వేలు పాడుచేసే దొంగతనం ఇది. మరీ చిన్న కేసులని స్టేషన్‌లో పట్టించుకోరు. ఆ సంగతి తెలిసి రైతులూ వెళ్లడం మానేశారు. అందుకే కేబులు చోరీలు ఎన్ని జరుగుతున్నాయో చెప్పే నమ్మదగ్గ అంకె ఎక్కడా దొరకదు.

చట్టం లేక కాదు. విద్యుత్ చట్టం, 2003లో 136వ సెక్షన్ అచ్చంగా తీగలు, సామగ్రి చోరీ కోసమే ఉంది. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్లు. కానీ పోలీసుల చూపంతా తెచ్చిన సరుకు మీదే, అమ్మినవాడి మీదే. కొన్నవాడి కొట్టు మరుసటి రోజు ఉదయం మామూలుగానే తెరుచుకుంటుంది. దక్షిణాఫ్రికాకు ఇదే జబ్బు ఇంతకంటే ముదిరింది. అక్కడ గంటల కొద్దీ కోతలు ఉన్న కాలంలో చీకటిని అడ్డం పెట్టుకుని రైల్వే తీగలు, విద్యుత్ కేబుళ్లు కోసుకుపోయేవాళ్లు. 2022 నవంబరులో ఆ దేశం తుక్కు రాగి ఎగుమతినే ఆపేసింది, అంటే కొనేవాడి దగ్గర పట్టుకునే ప్రయత్నం చేసింది. మన దగ్గర తుక్కు వ్యాపారి పుస్తకంలో కాలిన రాగి తీగ ఎవరు తెచ్చారో రాసుకునే అలవాటు ఎంత ఉందో, ఏ మండల కేంద్రంలోనైనా ఆ కొట్ల ముందు పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

48 గంటలు, ఒక ట్రాక్టరు

చోరీ అయినా, కాలిపోయినా, తర్వాత నడిచే కథ ఒకేలా ఉంటుంది. విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. కాలిపోయినదాన్ని తీసుకెళ్లడం, మంచిదాన్ని తెచ్చి ఎక్కించడం డిస్కం బాధ్యత. ఆచరణలో ఏం జరుగుతుందో మెట్ట ఊళ్లలో ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు: ట్రాక్టరు మనదే, కూలీలు మనవాళ్లే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద బోర్లున్న వాళ్లంతా తలా ఇంత వేసుకుంటారు. పాతదాన్ని దింపి మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్తారు. అక్కడ సిద్ధంగా ఉంటే కొత్తది ఎక్కించుకుని వస్తారు. లేకపోతే పేరు రాయించి తిరిగి వస్తారు. చోరీ అయితే దానికి ముందు పోలీసు ఫిర్యాదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పరిశీలన, అంచనా కాగితం అదనం.

ఆఫీసువాళ్ల వైపు కూడా ఒక మాట ఉంది. కాలిపోయినవాటి స్థానంలో వెంటనే పెట్టడానికి కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఎప్పుడూ నిల్వ ఉంచుతారు. దీన్ని రోలింగ్ స్టాక్ అంటారు. మామూలు రోజుల్లో అది సరిపోతుంది. యాసంగిలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అన్నీ ఒకేసారి కాలుతాయి. అప్పుడే బోర్లలో నీళ్లు కిందికి పోతాయి, మోటార్లు ఎక్కువ గంటలు నడుస్తాయి, ఎండ మండుతుంది. అప్పుడే వరి పొట్ట దశలోనో, పాలు పోసుకునే దశలోనో ఉంటుంది. నాటిన కొత్తల్లో నాలుగు రోజులు నీళ్లు లేకపోయినా పైరు ఎలాగో తేరుకుంటుంది. పొట్ట దశలో నాలుగు రోజులు ఎండితే గింజ తాలు పోతుంది. నిబంధనలో ఉన్న 48 గంటలకు పైరు దశ అంటూ ఏమీ ఉండదు. రైతుకు అదే అసలు టెన్షన్.

ఇరవై ఐదు కేవీఏ మీద ఎన్ని మోటార్లు?

ఇంతకీ ట్రాన్స్‌ఫార్మర్లు ఇన్ని ఎందుకు కాలుతున్నాయి? ఒక చిన్న లెక్క చూస్తే చాలు. చేలల్లో ఎక్కువగా కనిపించేది 25 కేవీఏ (మోయగల లోడుకు కొలత) ట్రాన్స్‌ఫార్మర్. అది నిలకడగా ఇవ్వగలిగేది ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు. ఐదు హార్స్‌పవర్ మోటారు తీసుకునేది ఏడున్నర దాకా. అంటే నాలుగు మోటార్లు హాయిగా, ఐదోది ఇరుగ్గా సరిపోతాయి. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంటుంది.

నేలలో మాత్రం ఆ లెక్క నిలవదు. పదేళ్ల కిందట 200 అడుగుల్లో దొరికిన నీరు ఇప్పుడు 500 అడుగులకు పోతే ఐదు హెచ్‌పీ మోటారు పైకి లాగలేదు. రైతు ఏడున్నర దించుతాడు, పక్క రైతు పది దించుతాడు. రికార్డులో మాత్రం ఐదే ఉంటుంది. ఏడున్నర హెచ్‌పీకి దాదాపు 11 ఆంపియర్లు కావాలి. ఐదు మోటార్లూ అలా మారితే 33 మోయాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 55 పడుతుంది. దానికి తోడు రాత్రికి రాత్రి తగిలించిన కనెక్షన్ ఒకటి ఉండనే ఉంటుంది. రైతు మోసం చేశాడని అనడం తేలిక. అదనపు లోడు క్రమబద్ధం చేయించుకోమని డిస్కంలు అప్పుడప్పుడూ పిలుస్తూనే ఉన్నాయి కూడా. అయితే డబ్బు కట్టిన వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచుతారన్న నమ్మకం రైతుకు లేదు. నీటిమట్టం దిగిపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ కాలడం రెండూ ఒకే పొలంలో జరుగుతున్నాయి. భూగర్భ జల శాఖ, విద్యుత్ శాఖ మాత్రం వేర్వేరు బిల్డింగుల్లో ఉన్నాయి.

ఇంకో చిక్కు ఆటోమేటిక్ స్టార్టరుతో వస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి లేచి పొలానికి పరుగెత్తే బాధ తప్పుతుందని రైతులు దాన్ని పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తనే ఎక్కుతుంది. ఒక్క మోటారు అయితే ఇబ్బంది లేదు. ఫీడరులో ఉన్న మోటార్లన్నీ అదే క్షణంలో ఎక్కుతాయి. మోటారు కదిలేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లాగేసరికి ఓల్టేజీ కూలిపోతుంది, ఫ్యూజులు ఎగిరిపోతాయి. 2018 జనవరి 1న తెలంగాణ 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలింది. నీళ్లు వృథాగా పారకుండా అన్నది అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. చాలామంది తీయలేదు. ఇరవై ఏళ్లు కోతలు చూసినవాడు ఒక్క ప్రకటన విని ఎలా నమ్ముతాడు?

లో ఓల్టేజీ చేసే పని ఇంకా మెల్లగా, ఇంకా లోతుగా ఉంటుంది. సబ్‌స్టేషన్‌కు దగ్గర ఉన్న చేనుకు 415 ఓల్టులు వస్తే, పది కిలోమీటర్ల అవతల ఫీడరు చివర ఉన్న చేనుకు 330 రావచ్చు. మోటారు ఆగదు. అదే నీటిని తోడాలంటే కరెంటు మరో పాతిక శాతం ఎక్కువ లాగుతుంది. వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ లోపల మాడుతూనే ఉంటుంది. ఓవర్‌లోడ్ రిలే అడ్డుపడి మాటిమాటికీ మోటారును ఆపుతుంటే, పారే మడిని వదల్లేక, స్టార్టరులో పుల్ల దోపి ఆపకుండా చేసేవాళ్లు ఉన్నారు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు కండెన్సరు తగిలించి రెండింటి మీదే నడిపేవాళ్లూ ఉన్నారు. చివరికి ఒకరోజు మాడు వాసన. ఆ తర్వాత బోరు నుంచి పైపులు ఒక్కొక్కటిగా విప్పుతూ మోటారు పైకి లేపించాలి, వైండింగ్ షాపుకు వేయాలి, మళ్లీ దించాలి. ఏ మండల కేంద్రానికి వెళ్లినా బస్టాండు దగ్గర మూడు నాలుగు వైండింగ్ షాపులు కిటకిటలాడుతుంటాయి. సరఫరా నాణ్యత మీద ఏ నివేదికా ఇవ్వనంత సమాచారం ఆ షాపుల గుమ్మాల ముందు వరసగా పడి ఉన్న మోటార్లు ఇస్తాయి.

ఫ్యూజు వేసే కుర్రాడు

ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి. ఒక్కో లైన్‌మన్ చేతిలో నాలుగైదు ఊళ్లు ఉంటే ఆయన ఎప్పటికి రావాలి? అందుకే ఊరికొక కుర్రాడు తయారవుతాడు. ఐటీఐ చదివాడో, ఎవరి వెంటో తిరిగి నేర్చుకున్నాడో, ఫ్యూజులు వేయడం, జంపర్లు కలపడం వచ్చు. జీతం ఉండదు, గ్లవ్స్ ఉండవు, బీమా ఉండదు. రైతులు ఇచ్చే వంద, యాభై అతని సంపాదన. లైన్ మీద పని చేసే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటరుకు చెప్పి సరఫరా ఆపించాలి. దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటారు, అంటే లైన్ క్లియర్. ఈ కుర్రాడికి అధికారికంగా ఎల్‌సీ అడిగే హక్కే లేదు. లైన్‌మన్ ఫోన్‌లో తీసుకుంటాడు, కుర్రాడు స్తంభం ఎక్కుతాడు. ఒక ఫీడరు బదులు ఇంకో ఫీడరు ఆపినా, పని అయిపోయిందనుకుని మళ్లీ ఇచ్చేసినా పోయేది అతని ప్రాణం. శాఖ మనిషి కాదు కాబట్టి ఆ చావుకు శాఖ లెక్కలో చోటు వెతకడం కూడా కష్టమే.

ఆ కుర్రాడు కూడా దొరకని రోజున రైతే ఫ్యూజు వేస్తాడు. సరైన ఫ్యూజు తీగ చేతిలో ఉండదు. దొరికిన అల్యూమినియం తీగ రెండు మూడు పోగులు మెలేసి బిగిస్తాడు. ఇక ఆ ఫ్యూజు ఎప్పటికీ పోదు. పోవాల్సింది ఫ్యూజు, దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తప్పు రైతుదని ఏఈ అంటాడు, లైన్‌మన్ రాకపోవడమే కారణమని రైతు అంటాడు. ఇద్దరి మాటా నిజమే.

దేశంలో కరెంటు షాక్‌తో ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. ఇందులో పల్లె వాటా ఎలా వస్తుందో తెలియాలంటే వరికోతల కాలంలో చూడాలి. రెండు స్తంభాల మధ్య దూరం ఎక్కువై, తీగ కిందికి వేలాడుతూ ఉంటుంది. మధ్యలో ఒక స్తంభం వేయమని అర్జీ పెట్టి ఏళ్లు గడుస్తాయి. తీగ దిగిన చోట రైతు వెదురు కర్ర పోటు పెడతాడు. హార్వెస్టరు పైభాగమో, గడ్డి ఎత్తిన ట్రాక్టరో ఆ తీగకు తగులుతుంది. వీటికి అడవిపందుల కోసం పెట్టే కరెంటు ఉచ్చులు తోడు. కొక్కెం వేసి లైను నుంచి దొంగ కరెంటు లాగి, చేను చుట్టూ తీగ కడతారు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు దానికి బలవుతాడు. చోరీ అంటే రాగి పోవడం ఒక్కటే కాదు, కరెంటు దొంగిలించడం కూడా. ఇక్కడ దొంగా బాధితుడూ ఒక్కోసారి ఒకే ఊరివాళ్లు.

రాత్రి కరెంటు సంగతి పాత తరానికి బాగా గుర్తు. ఏడు గంటల సరఫరాను రెండు విడతలు చేసి, ఒక విడత రాత్రి ఇచ్చే రోజుల్లో మగవాళ్లు మంచాలు బావి దగ్గరే వేసుకునేవాళ్లు. చేతిలో బ్యాటరీ లైటు, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా బురదలో నడక. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు పన్నెండు లక్షలమంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. సగటున ఏటా 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఈ చావులన్నీ రాత్రి కరెంటు వల్ల కాదు. కానీ సరఫరా పగటిపూటకు మార్చడం ఎందుకు అంత పెద్ద డిమాండ్ అయిందో ఈ అంకె కొంత చెబుతుంది. సౌర విద్యుత్ పెరిగాక పగలు ఇవ్వడం డిస్కంలకూ కలిసొచ్చింది. రైతు కోరిక, గ్రిడ్డు అవసరం ఒకే దారిలో నడిచిన అరుదైన సందర్భం అది.

కొలవనిదాన్ని ఎవరు బాగుచేస్తారు?

ఒకప్పుడు సమస్య ఉత్పత్తి. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు (వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేయడం) ఇచ్చారు, పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలన్నట్టు ఉండేది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు జాతీయ గ్రిడ్డుతో కలిసింది, తర్వాత కొత్త ప్లాంట్లు వచ్చాయి, సౌర, పవన విద్యుత్ వచ్చాయి. కరువు తీరింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ కొన్నాళ్లు పరిశ్రమలకు కోత పెట్టాల్సి వచ్చినా, ఇప్పటి మాటగా చెప్పాలంటే కొరత కరెంటుది కాదు, కరెంటు నడిచే చివరి తీగది. అది ఎందుకు బాగుపడటం లేదన్నది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టింది. ఎంత వాడినా అంతే కాబట్టి మీటరు అక్కర్లేకుండా పోయింది. తర్వాత రేట్లు పెరిగాయి. సంస్కరణల పేరుతో 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000లో చార్జీలు పెంచినప్పుడు ఉద్యమం లేచింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వైఎస్ రాజశేఖరరెడ్డి మొదటి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారు. అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా దాన్ని ముట్టుకునే సాహసం చేయలేదు. చేయకపోవడమే మంచిది కూడా. కాలువ కింద రైతుకు దాదాపు ఉచితంగా నీళ్లు అందుతున్నప్పుడు, అప్పు చేసి బోరు వేసుకున్న మెట్ట రైతుకు కరెంటు ఉచితంగా ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు.

ఉచితం వల్ల వచ్చిన చిక్కు వేరే ఉంది. బిల్లు లేదు కాబట్టి మీటరు లేదు. మీటరు లేదు కాబట్టి వ్యవసాయానికి ఎంత కరెంటు వెళ్లిందో అంచనా మాత్రమే ఉంటుంది. ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, ఆ అంకెను మొత్తానికి గుణిస్తారు. పట్టణంలో జరిగే చోరీ, పాత తీగల్లో పోయే నష్టం కూడా ఆ పెద్ద అంకెలో ఎక్కడో కలిసిపోతాయన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. ఇటు రైతు చేతిలోనూ ఏ కాగితం లేదు. తనకు తొమ్మిది గంటలకు బదులు ఆరే వచ్చాయని, 415కు బదులు 320 ఓల్టులే వచ్చాయని నిరూపించే ఆధారం అతని దగ్గర లేదు. బిల్లు కట్టే వినియోగదారుడు ఆఫీసు ముందు నిలబడి అడగగలడు. ఉచితంగా తీసుకుంటున్నవాడు అడిగితే, "ఊరికే ఇస్తున్నాం కదా" అన్న జవాబు నోటితో చెప్పకపోయినా ముఖంలో కనిపిస్తుంది.

మరి మీటరు పెడితే? 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టి పంపుసెట్లకు మీటర్లు పెట్టబోయింది. సబ్సిడీ సొమ్ము రైతు ఖాతాలో వేస్తాం, అందులోంచి బిల్లు కట్టుకోండి అంది. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన విద్యుత్ సంస్కరణల షరతు దీని వెనక ఉంది. తెలంగాణలో అప్పటి ప్రభుత్వం మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని తెగేసి చెప్పింది. ఖాతాలో వేస్తామన్న మాటను రైతులు నమ్మలేదు, నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి. ఈ రోజు మీటరు, రేపు బిల్లు, ఎల్లుండి బకాయి అన్నది వాళ్ల భయం. గ్యాస్ సబ్సిడీ ఖాతాలో పడటం మొదలై ఎలా కరిగిపోయిందో చూసినవాళ్లు వాళ్లు.

దెబ్బతిన్నవి తీగలే కాదు

ఇదే నిర్లక్ష్యం నీటి దగ్గరా కనిపిస్తుంది. 2021 ఆగస్టులో పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి కడప జిల్లాలో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. గుండ్లకమ్మ గేట్లు 2022 ఆగస్టులో ఒకసారి, 2023 డిసెంబరులో ఒకసారి పోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. ప్రతిచోటా వివరాలు వేరు. గేటుకు గ్రీజు, గొలుసు తనిఖీ, తుప్పు తీసి రంగు వేయడం, వీటికి శిలాఫలకం వేసే అవకాశం ఉండదన్నది మాత్రం అన్నిచోట్లా ఉన్న సంగతి. ఊళ్లలో నడవని ఎత్తిపోతల పథకాల పంపుహౌసులు చూస్తే అక్కడా అదే వరస. ముందు మోటారు కాలుతుంది, బాగుచేసేలోపు కేబులు పోతుంది, కేబులు తెచ్చేలోపు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, చివరికి తలుపులూ కిటికీలూ పోతాయి.

చెరువుల మీద బతికే గోదావరి, కృష్ణా డెల్టా ఆక్వా రైతుకు కోత అంటే లెక్క గంటల్లో కాదు, నిమిషాల్లో ఉంటుంది. రొయ్యల చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. అప్పుడు నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు నీటిపైకి తేలి చచ్చిపోతాయి, నెలల పెట్టుబడి తెల్లారేసరికి గట్టు మీద కుప్పగా పడుతుంది. అందుకే భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్ల మీద డీజిల్ జనరేటర్లు కాపలా కుక్కల్లా కనిపిస్తాయి. కరెంటు సబ్సిడీ ఎంత ఇచ్చినా, కోత పడిన ప్రతి గంటా డీజిల్ ధరకు కొనుక్కోవాల్సిందే. ఆ ఖర్చు భరించగలిగినవాడు పెద్ద రైతు. రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడు పక్కవాడి జనరేటరు కిరాయికి అడుగుతాడు.

కౌలు రైతు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. సర్వీసు నంబరు భూమి యజమాని పేరు మీద ఉంటుంది. మోటారు కాలినా, కేబులు పోయినా ఖర్చు పెట్టుకునేది కౌలుదారు. ఫిర్యాదు ఇవ్వాలన్నా, లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలన్నా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న యజమాని సంతకం కావాలి. ఆ సంతకం వచ్చేసరికి పంట కాలం అయిపోతుంది.

వ్యవస్థలో ఏమీ మారలేదనడం తప్పు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడవాటి లోటెన్షన్ తీగలు లాగే పద్ధతి మాని, నాలుగైదు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి వచ్చాక ఓల్టేజీ చాలా చోట్ల మెరుగైంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదో రైతులకు తెలిసింది, "మన ట్రాన్స్‌ఫార్మర్" అనుకుని కొన్ని ఊళ్లలో ఇనుప పట్టీలు వేసి వెల్డింగ్ కూడా చేయించుకున్నారు. అయితే చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య పెరిగింది, అంటే దొంగకు దొరికే చోట్లూ పెరిగాయి. కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద వచ్చే సౌర పంపులు కోతల బాధ తప్పిస్తాయి గానీ, ఊరికి దూరంగా చేల మధ్య విప్పుకోవడానికి వీలుగా నిలబడే పలకలకూ కాపలా కావాలి.

సిరిసిల్లలో 1970 నుంచి వినియోగదారులే సభ్యులుగా విద్యుత్ సహకార సంఘం నడుస్తోంది. అక్కడా ట్రాన్స్‌ఫార్మర్లు కాలతాయి, తీగలు వేలాడతాయి. ఒక తేడా ఉంది. సంఘం డైరెక్టర్లను సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు కాబట్టి, కోపం వచ్చినప్పుడు ఎవరి ఇంటి ముందు నిలబడాలో రైతుకు తెలుసు.

పంపుసెట్టు జోలికి పోకుండా కొలిచే దారి ఒకటి ఇప్పటికే ఉంది. కేంద్రం 2021లో డిస్కంల బాగు కోసం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంలో ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టడం ఒక భాగం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరు పెడితే ఏ రైతు ఎంత వాడాడో తెలియదు, బిల్లు భయం అక్కర్లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు రోజుకు ఎన్ని గంటలు కరెంటు వచ్చిందో, ఏ ఓల్టేజీతో వచ్చిందో, ఏ ఫేజు ఎప్పుడు పోయిందో మాత్రం తెలుస్తుంది. రాత్రి రెండు గంటలకు తీగ ఊడదీస్తే ఆ మీటరు నోరు మూసుకుంటుంది, అది కూడా సబ్‌స్టేషన్‌లో తెలిసేలా చేయవచ్చు. ఇప్పుడైతే ఈ అంకెలు డిస్కం నష్టాల లెక్క కోసమే వెళ్తున్నాయి. గ్రామ సచివాలయం గోడ మీదో, పంచాయతీ ఆఫీసు బోర్డు మీదో వారానికోసారి వాటిని అతికిస్తే, వైండింగ్ షాపు బిల్లు చేత్తో పట్టుకుని వచ్చిన రైతుకు పక్కన చూపించడానికి ఒక కాగితం దొరుకుతుంది.